గ్రేటా పక్కన, రైలు వదిలిన దారి

ఇంగ్లండ్ వాయవ్య మూలన లేక్ డిస్ట్రిక్ట్‌లో గ్రేటా అనే చిన్న నది ఉంది. పట్టుమని పది కిలోమీటర్లు కూడా పారదు. బ్లెన్‌కాథ్రా కొండను చుట్టుకుని వచ్చే గ్లెండరమాకిన్ ఏరు, థర్ల్‌మియర్ సరస్సు నుంచి వచ్చే సెయింట్ జాన్స్ వాగు థ్రెల్కెల్డ్ ఊరి దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి కెజిక్ పట్నం దాటేదాకా ఆ నీటి పేరు గ్రేటా. ఆ కొద్ది దూరంలో నది పక్కనే, నది మీదుగానే, దాదాపు 5 కిలోమీటర్ల దారి ఒకటి ఉంది. దాని మీదికి కారు రాదు, లారీ రాదు. సైకిళ్లు, నడిచేవాళ్లు, చక్రాల కుర్చీలు, పిల్లల బండ్లు, ఇవే.

1951లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ ప్రాంతానికి 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. చట్టాల కాపలా ఇంత ఉన్నా, చూడవచ్చేవాళ్లలో అత్యధికులు దిగేది కార్లలోంచే. ఎండాకాలం సెలవుల్లో సరస్సుల ఒడ్డున ఉన్న ఇరుకు రోడ్లు బారులు తీరిన బండ్లతో కదలవు. అందుకే ఈ 5 కిలోమీటర్లకు అంత పేరు. అది ఎలా మిగిలిందన్నది మాత్రం కొండలంత పాత కథ కాదు.

కథ ఎగువ నుంచి మొదలుపెట్టాలంటే థర్ల్‌మియర్ దగ్గర ఆగక తప్పదు. ఇప్పుడు కనిపిస్తున్న సరస్సు మాంచెస్టర్ నగరం కట్టుకున్నది. నగరం దాహం తీరక, మిల్లులకు నీళ్లు చాలక, మాంచెస్టర్ కార్పొరేషన్ 1879లో పార్లమెంటు చేత చట్టం చేయించుకుంది. ఆనకట్ట వేసి నీటిమట్టాన్ని 15 మీటర్ల దాకా లేపారు. ఆర్మ్‌బత్, వైత్‌బర్న్ అనే పల్లెలు మునిగాయి. వైత్‌బర్న్‌లో చిన్న చర్చి మాత్రం గట్టున మిగిలింది. కళా విమర్శకుడు జాన్ రస్కిన్ వంటివాళ్లు అడ్డుపడ్డారు, రక్షణ సంఘం పెట్టారు, ఓడిపోయారు. 1894 నుంచి ఆ నీళ్లు పంపుల అవసరమే లేకుండా, పల్లాన్ని నమ్ముకుని, 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మాంచెస్టర్ చేరుతున్నాయి. ఇంజనీర్ల పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ మునిగిన పల్లెల పేర్లు ఎందరికి తెలుసు? కొండల అందం పోతుందని గొంతెత్తిన పెద్దమనుషుల వాదనలు పుస్తకాలకెక్కాయి. పొలం పోయినవాళ్ల మాటలు అంతగా ఎక్కలేదు.

ఆనకట్ట వదిలిన నీళ్లే సెయింట్ జాన్స్ వాగులో దిగి థ్రెల్కెల్డ్ చేరతాయి. ఈ ఊళ్లో ఒకప్పుడు సీసం గనులు, గ్రానైటు క్వారీ ఉండేవి. సైకిలు దారి మొదలయ్యేది ఇక్కడే.

మొదట ఇది రైలు కట్ట. పెన్రిత్ నుంచి కెజిక్ మీదుగా కాకర్‌మౌత్ దాకా 50 కిలోమీటర్ల లైను. 1864లో సరుకు బళ్లు, 1865 జనవరిలో ప్రయాణికుల బళ్లు మొదలయ్యాయి. దీన్ని వేసింది కొండలు చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం కాదు. డర్హమ్ వైపు నుంచి కోక్ బొగ్గు పడమటి తీరంలోని ఇనుప కొలుములకు పోవాలి, తిరుగు బళ్లలో ఇనుప ఖనిజం రావాలి. ఇంజనీరు థామస్ బౌచ్. తక్కువ ఖర్చులో లైన్లు వేస్తాడని పేరు. తర్వాత స్కాట్లండ్‌లో ఆయన కట్టిన టే వంతెన 1879 డిసెంబరు 28 రాత్రి తుపానుకు రైలుతో సహా కూలిపోయింది. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. గ్రేటా మీద వేసిన వంతెనలకు అలాంటి అపకీర్తి రాలేదు. వంకలు తిరిగే నదికి, తిన్నగా పోవాలనుకునే పట్టాలకు మధ్య పడిన రాజీలో ఆయన థ్రెల్కెల్డ్, కెజిక్‌ల మధ్య గ్రేటాను ఎనిమిది చోట్ల దాటించాడు. రైలింజను ఎక్కలేనంత ఏటవాలు ఎక్కడా ఉండకూడదు కాబట్టి కట్టను మెల్లగా దించుకుంటూ వచ్చాడు. ఈనాడు ఆరేళ్ల పిల్ల కూడా రొప్పకుండా తొక్కగలుగుతోందంటే ఆ బొగ్గుబండి చలవే.

కెజిక్ చేరబోయే ముందు లో బ్రైరీ వస్తుంది. ఇక్కడి మిల్లులో గ్రేటా నీటి బలంతో కర్రను చెక్కి లాంకషైర్ నూలు మిల్లులకు బాబిన్లు, అంటే దారపు కండెలు, తయారుచేసేవారు. చుట్టుపక్కల అడవుల కర్ర, కొండల నీళ్లు, రెండూ చేరేది లాంకషైర్‌కే. అక్కడ నేసిన చవక గుడ్డ ఓడలెక్కి మచిలీపట్నం లాంటి రేవుల్లో దిగి, కోరమాండల్ తీరపు నేతగాళ్ల మగ్గాలను మూలకు నెట్టింది. ఆ పాతచోటు పక్కగా సైకిలు తొక్కుకుంటూ పోయే తెలుగువాడికి ఈ సంగతి గుర్తురావడం న్యాయమే.

లైను బతికిన కాలమంతా బొగ్గు, ఖనిజం, ఆపైన సెలవుల జనం. 1963లో బీచింగ్ నివేదిక బ్రిటన్ అంతటా నష్టాల లైన్ల జాబితా తేల్చింది. కెజిక్‌కు పడమటి వైపు లైను 1966లో మూతపడింది. పెన్రిత్ వైపుది మరి కొన్నాళ్లు కొట్టుమిట్టాడి 1972 మార్చిలో ఆగింది. పట్టాలు పీకేశారు, కట్ట మిగిలింది. వంతెనలు మిగిలాయి. దాన్ని జాతీయ పార్కు చేపట్టి కాలిబాటగా, సైకిలు బాటగా మార్చింది. 1994లో సస్‌ట్రాన్స్ సంస్థ పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రం దాకా దాదాపు 225 కిలోమీటర్ల ‘సీ టు సీ’ సైకిలు మార్గం తెరిచినప్పుడు ఈ ముక్క అందులో కలిసింది.

ఆ తర్వాత 2015 డిసెంబరు వచ్చింది. డెస్మండ్ తుపాను. హానిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది, బ్రిటన్‌లో అది రికార్డు. థర్ల్‌మియర్ దగ్గర రెండు రోజుల్లో 405 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లాకు ఏడాదంతా కలిపి పడే సగటు వాన దాదాపు 550. థర్ల్‌మియర్ వైపు పడిన నీళ్లు గ్రేటా లోయ ఇరుకులోంచి దూకాయి. బౌచ్ వంతెనల్లో రెండింటిని పెళ్లగించుకుపోయాయి, కట్ట కోసుకుపోయింది. కెజిక్‌లో 2012లో అద్దాల పలకలు బిగించి కట్టుకున్న వరద గోడ మీదుగా నీళ్లు ఊళ్లోకి వచ్చిపడ్డాయి.

ఇక్కడే కోపం వచ్చే లెక్క ఒకటుంది. అదే తుపానుకు థర్ల్‌మియర్ పక్కన కార్ల రోడ్డు, ఏ-591, కొట్టుకుపోయింది. దాన్ని 2016 మే నెలకల్లా తెరిచారు. అయిదు నెలలు. సైకిలు దారి తిరిగి తెరుచుకుంది 2020 డిసెంబరులో. అయిదేళ్లు. ఖర్చు 79 లక్షల పౌండ్లు. వంతెనలు కట్టడం చిన్న పని కాదు, నిజమే. డబ్బు కూడబెట్టాలి, అనుమతులు తేవాలి. కానీ రోడ్డుకు కూడా ఇవన్నీ కావలసినవే. ఏది అత్యవసరమో, ఏది సరదానో ప్రభుత్వాలు ముందే తేల్చేసుకుంటాయి. ఈ అయిదేళ్లూ పల్లె నుంచి పట్నానికి సైకిలు మీద పోవాలనుకున్నవాళ్లకు అడ్డదారులే గతి.

ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది. 1970లలో ఏ-66 అనే పెద్ద రోడ్డు వేసినప్పుడు మట్టి నింపి పూడ్చేసిన రైలు సొరంగాన్ని ఈ పనుల్లో తవ్వితీశారు. ఇప్పుడు సైకిళ్లు దానిలోంచే పోతాయి. సొరంగానికి దగ్గర్లోనే లోయకు అడ్డంగా ఏ-66 వంతెన ఎత్తున కనిపిస్తుంది. 1999లో కాంక్రీట్ సొసైటీ దాన్ని శతాబ్దపు మేటి కాంక్రీటు కట్టడంగా ఎంచింది. కింద నిలబడి వింటే ఆ మేటి కట్టడం చేసే రొద కూడా మేటిదే.

బాగు చేసేటప్పుడు మరో గొడవ లేచింది. దారికి తారు వెయ్యొద్దు, మట్టీ కంకరా ఉంటేనే పల్లె వాసన అన్నారు కొందరు. చక్రాల కుర్చీ కంకరలో కూరుకుపోతుంది, తారే కావాలి అంది పార్కు యంత్రాంగం. తారే పడింది. మంచిదే. కొండ శిఖరాలకు తారు వేయమని ఎవరూ అడగలేదు. సరకు బళ్లు పోయిన కట్ట మీద నున్నటి దారి వేస్తే సహజత్వం చెడుతుందనడం, కాళ్లు బాగున్నవాళ్లకు మాత్రమే తోచే వాదన.

దారి హక్కు కోసం కొట్లాడటం ఈ లోయకు కొత్త కాదు. సైకిలు దారికి ఉత్తరాన లాట్రిగ్ గుట్ట ఉంది. ఆ కొండదారిని భూస్వామి మూసేస్తే 1887 అక్టోబరులో దాదాపు రెండు వేల మంది కెజిక్ నుంచి ఊరేగింపుగా గుట్టెక్కారు. వ్యవహారం కోర్టుకెక్కి, మరుసటి ఏడాది గుట్ట మీదికి జనానికి దారి హక్కు దక్కింది. ఆ రోజుల్లో పక్క చర్చిలో పాస్టరుగా ఉన్న హార్డ్‌విక్ రాన్స్‌లీ ఈ పోరాటంలో ముందున్నాడు. 1895లో ప్రకృతి, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌ను స్థాపించిన ముగ్గురిలో ఆయన ఒకడు. కాపాడుకోవడమంటే కంచె వేయడం కాదని ఆయనకు తెలుసు.

కెజిక్‌ను త్వరగా దాటేయొచ్చు. పాత స్టేషను ప్లాట్‌ఫారం, పెన్సిళ్ల మ్యూజియం, కవి కోల్‌రిడ్జ్ 1800లో వచ్చి దిగిన గ్రేటా హాల్. ఊరు దాటగానే గ్రేటా నది డెర్వెంట్ నదిలో కలిసి పేరు పోగొట్టుకుంటుంది. డెర్వెంట్ బాసెన్‌త్వెయిట్ సరస్సులోకి, అక్కడి నుంచి కవి వర్డ్స్‌వర్త్ పుట్టిన కాకర్‌మౌత్‌కు, వర్కింగ్టన్ దగ్గర సముద్రానికి పోతుంది. రైలు కట్ట కూడా అలాగే బాసెన్‌త్వెయిట్ పడమటి ఒడ్డు వెంట పోయేది. సైకిలుకు మాత్రం ఆ దారి లేదు. పర్యావరణ సంఘాలు కాదన్నా వినకుండా, 1970లలో ఆ కట్ట మీదే ఏ-66 వేశారు. ఒకే రైలు లైను. కెజిక్‌కు తూర్పున పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు, పడమరన సరస్సును ఒరుసుకుంటూ లారీలు పోతున్నాయి. జాతీయ పార్కు హోదా వచ్చి పాతికేళ్లు నిండుతున్న వేళ జరిగిన పని ఇది. దీన్ని తప్పు అనడానికి మొహమాటపడనక్కరలేదు.

వెళ్లదలచినవాళ్లకు ఒక మాట. పెన్రిత్ దాకా రైలు ఉంది, అక్కడి నుంచి కెజిక్‌కు బస్సు ఉంది, కెజిక్‌లో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. నడిచేవాళ్లు ఎదురైతే గంట కొట్టి, నెమ్మదించి దాటండి. కారు మాత్రం తీసుకుపోకండి.