ఆజ్ఞ లేని కవాతు

కంటోన్మెంటు ఊరు కాబట్టి సికింద్రాబాద్‌కు కవాతు కొత్త కాదు. వందమంది కాళ్లు కలిసి పడాలంటే ముందు ఒక గొంతు అరవాలి. మన ఊపిరిగొట్టంలో కళ్లెను పైకి తోసే సూక్ష్మమైన నూగుకు అలాంటి గొంతేదీ లేదు. బడిపుస్తకాల్లో వీటి పేరు శైలికలు. ఒక్కో కణం మీద దాదాపు 200 ఉంటాయి, సెకనుకు పది పన్నెండు సార్లు కొట్టుకుంటాయి. అదీ అన్నీ ఒక్కసారిగా కాదు. పక్కదాని కంటే ప్రతిదీ రవ్వంత వెనకగా కదులుతుంది కనుక చూడటానికి అల సాగుతున్నట్టుంటుంది.

వాటికి వేళ చెప్పేది చాలావరకు చుట్టూ ఉన్న ద్రవమే. అంత చిన్న కొలతలో నీళ్లు మనమెరిగిన నీళ్లు కావు; తోయడం ఆపగానే కదలిక ఆగిపోతుంది, ఊపు మిగలదు. అందుకే శైలిక వెళ్లేటప్పుడు చాచి కొడుతుంది, వచ్చేటప్పుడు వంగి కణాన్ని రాసుకుంటూ వస్తుంది. రెండూ ఒకే తీరుగా ఉంటే తోసిందంతా వెనక్కి వచ్చేసేది. ఒకటి కొడితే ద్రవం కదిలి పక్కదాన్ని కాస్త నెడుతుంది, అది తన వేగం సర్దుకుంటుంది. ఈదే తోకలు రెండు దగ్గరగా ఉన్నప్పుడు ఒకే లయలో పడితే ద్రవంలో వృథా అయ్యే శక్తి తగ్గుతుందని 1951లో శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ లెక్కగట్టి చూపాడు. ఏ దిక్కుకు కొట్టాలన్నది మాత్రం కణం ఎదిగేటప్పుడే ఖాయమవుతుంది. ఘనతంతా ద్రవానికే ఇచ్చేయలేం.

ఈ తోకలతో సికింద్రాబాద్‌కు పాత చుట్టరికమే ఉంది. మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపులో మలేరియా క్రిమి కశాభాలనే తోకలు విదిలించుకోవడం 1895లో ఇక్కడే సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ చూశాడు. శైలికకూ కశాభానికీ లోపలి కట్టడం ఒకటే: చుట్టూ తొమ్మిది జతల నాళికలు, నడుమ రెండు. క్రిమి మగకణం నుంచి అలాంటివి ఎనిమిది, పావుగంటలోపే తయారై బయటికి దూకుతాయి. వాటిలో లయ లేదు, తొందరే. అవి మగబీజాలని రాస్‌కు అప్పుడు తెలియదు. దోమలో ఎదగబోయే కొత్త దశ అవేనని ఆయన గురువు మాన్సన్ నమ్మకం. 1897లో మెక్కాలమ్ అనే వైద్య విద్యార్థి కాకి రక్తంలోని, మలేరియా క్రిమికి దగ్గరి చుట్టమైన క్రిమిలో అసలు సంగతి పట్టుకున్నాడు.

ఊరు గుర్తుంచుకున్నది 1897 ఆగస్టు 20ని, బేగంపేటలో రాస్ దోమ కడుపు గోడ మీద క్రిమి తిత్తులు కనుగొన్న రోజుని. నా మొగ్గు 1895 వైపే. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలో చెమటోడ్చిన ఆ మనిషి ఊపిరిగొట్టంలోనూ అదే తొమ్మిది జతల కట్టడం సెకనుకు పదిసార్లు ఆడుతూనే ఉంది.