23 ఏళ్లు పేరు లేని సమాధి

షికాగో వచ్చిన మనవాళ్లందరూ మిలీనియం పార్కులో ఆ వెండి ‘బీన్’ దగ్గర సెల్ఫీ దిగుతారు. నేనూ దిగాను. కానీ మొన్న శనివారం మాత్రం కారు తీసి దక్షిణం వైపు వెళ్లాను. లిటిల్ వాల్టర్ కోసం.

అతను వాయించింది హార్మోనికా. అదేనండీ, మనం మౌత్ ఆర్గాన్ అంటామే, ‘షోలే’లో అమితాబ్ చేతిలో ఉంటుందే, అదే. 1930లో లూసియానాలో పుట్టి, టీనేజ్‌లోనే షికాగో చేరి, మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో చిల్లర డబ్బుల కోసం వాయించాడు. ముందు అక్కడికే వెళ్లాను. ఆ పాత సంత లేదు. యూనివర్సిటీ విస్తరణ కోసం 1994లో ఎత్తేశారు.

తర్వాత మడ్డీ వాటర్స్ బ్యాండ్‌లో చేరాడు. ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో అంత చిన్న మౌత్ ఆర్గాన్ ఎవరికి వినపడుతుంది? వాల్టర్ ఒక మైకుని దానితో కలిపి అరచేతుల్లో బిగించి పట్టుకుని, ఆంప్లిఫయర్‌కి కలిపాడు. సౌండ్ పగిలి, గరగరలాడుతూ శాక్సోఫోన్‌లా బరువుగా వచ్చింది. మైకు వాడినవాళ్లు అంతకుముందూ ఉన్నారు. ఆ గరగరని కావాలని వాడుకుని సంగీతం చేసింది మాత్రం ఇతనే. మా భాషలో చెప్పాలంటే, బగ్‌ని ఫీచర్ చేశాడు.

1952లో ‘జూక్’ వచ్చింది. పాట లేదు, మాట లేదు, ఉత్త వాయిద్యమే. బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బీ చార్ట్‌లో 8 వారాలు నంబర్ వన్! టూర్ మధ్యలోనే బ్యాండ్ వదిలేసి సొంత దారి పట్టాడు. 1955లో ‘మై బేబ్’ కూడా నంబర్ వన్ అయింది. తర్వాత తాగుడు, కొట్లాటలు. 1968 ఫిబ్రవరిలో ఒక గొడవలో దెబ్బలు తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. వయసు 37.

చివరికి ఎవర్‌గ్రీన్ పార్క్‌లోని సెయింట్ మేరీ శ్మశానానికి చేరాను. నేలమట్టంగా ఉన్న చిన్న రాయి. అది కూడా 1991లో పెట్టిందే. అప్పటిదాకా 23 ఏళ్లు ఉత్త గడ్డి. రాయి వేయించింది రికార్డుల కంపెనీ కాదు, అభిమానులు.

నేను ఒక్క లైను కోడ్ మార్చినా పక్కన నా పేరు పడుతుంది. ఒక వాయిద్యం గొంతునే మార్చినవాడికి పేరు కోసం అన్నేళ్లు పట్టింది. 2008లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చేర్చారు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అక్కడే నిలబడి ‘జూక్’ విన్నాను. మూడు నిమిషాలు కూడా లేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.