మా అత్తగారి ఫోనుకు పౌచ్

ఫోను కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తాం. ఖరీదు ఎంత, వాయిదాలు ఎన్ని నెలలు, ఎవరిని అడిగితే మంచి సలహా చెప్తారు అని వారం రోజులు అదే మాట. దానికి వేసే పౌచ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దుకాణంలో కుర్రవాడు ఏది చేతిలో పెడితే అది తెచ్చుకుంటాం. "గట్టిదేనా బాబూ?" అని అడుగుతాం. "గట్టిదేనమ్మా" అంటాడు. అంతటితో ఆ సంగతి అయిపోతుంది. ఇంత చిన్న వస్తువును గురించి పత్రికలో రాయాలా అని కొందరికి అనిపించవచ్చు. కానీ మా ఇంట్లో అది చిన్న సంగతి కాలేదు. మొన్న స్త్రీల సమాజంలో కొందరు అక్కలు కూడా అడిగారు గనుక తెలిసినంతవరకు రాస్తున్నాను.

మా అత్తగారికి 74 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం కుడివైపు పక్షవాతం వచ్చింది. దేవుని దయవల్ల మాట తిరిగి వచ్చింది, కర్ర ఊతంతో నడుస్తున్నారు. కుడిచేతి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. గ్లాసు పట్టుకుంటే జారుతుంది. ఉదయం తొమ్మిదింటికి నేను పనికి వెళ్తే తిరిగి వచ్చేది సాయంత్రం నాలుగున్నరకు. మావారు చెరువుల మీదికి వెళ్తారు. పిల్లవాడు బడికి పోతాడు. అంతసేపు ఆవిడ ఒక్కరే. షుగరు మాత్ర వేసుకున్నారా, భోంచేశారా, ఒంట్లో ఎలా ఉంది, ఇవన్నీ మాకు తెలిసేది ఫోను ద్వారానే. మా మరిది కువైట్‌లో ఉంటాడు. అక్కడ శుక్రవారం సెలవు. మనకంటే రెండున్నర గంటలు వెనక గనుక, అతను పొద్దున్నే లేచి టీ తాగుతూ ఫోను చేసే వేళకు ఇక్కడ ఎండ బాగా ఎక్కి ఉంటుంది. కొడుకు ముఖం చూడటానికి ఆవిడ గురువారం రాత్రే ఛార్జింగు పెట్టించుకుంటారు.

ఆ మరిదే పోయిన ఏడు సెలవుకు వచ్చినప్పుడు తల్లికి పెద్ద ఫోను తెచ్చాడు. తెర 6.7 అంగుళాలు, అంటే మూల నుంచి మూలకు కొలిస్తే. 2011లో శాంసంగ్ కంపెనీ 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ తెచ్చినప్పుడు, ఇంత పలకను చెవి దగ్గర ఎవరు పెట్టుకుంటారని జనం నవ్వారట. ఇప్పుడు దానికంటే పెద్దవి అందరి చేతుల్లోనూ ఉన్నాయి. మా అత్తగారికి ఆ పెద్ద తెర నిజంగా అవసరమే. కీర్తనల పుస్తకంలో అక్షరాలు కనబడటం మానేసి రెండేళ్ళయింది. ఫోనులో అక్షరం పెద్దది చేసుకుని ఇప్పుడు ఆదివారం అందరితో పాటు పాడుతున్నారు. పైగా మనవడి సహాయం లేకుండా.

అయితే కంటికి సరిపోయింది చేతికి సరిపోలేదు. ఫోను వెడల్పు దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు. వెనకవైపు కూడా గాజే, నున్నగా ఉంటుంది. రెండో వారంలోనే పంచలో జారిపడింది. పైన అంటించిన టెంపర్ గ్లాసు పగిలింది గానీ లోపలి డిస్‌ప్లేకు ఏమీ కాలేదు. డిస్‌ప్లే పోతే ఆ ఖర్చు ఇప్పట్లో మాకు తేలేది కాదు. మంచి పౌచ్ చూడాలని ఆ రోజే అనుకున్నాం.

ఇంట్లో తలా ఒక మాట అన్నారు. మా అబ్బాయి, రంగు కనబడాలి గనుక పారదర్శకమైనది కొందామన్నాడు. మావారు, ఏది గట్టిదైతే అదే తెమ్మన్నారు. అత్తగారికి మాత్రం పుస్తకంలా మూసుకునే ఫ్లిప్ కవరు మీద మనసు పడింది. ఆవిడ బైబిలుకు జిప్పు ఉన్న తోలు కవరు ఉంది, అలాంటిదే కావాలన్నారు. ఆవిడ వస్తువు గనుక ఆవిడనే వెంటబెట్టుకుని ఆటోలో పట్నం తీసుకుని వెళ్ళాను.

దుకాణంలో ఫ్లిప్ కవరు వేయించి, "అత్తయ్యా, ఒక్క చేత్తో తెరిచి చూడండి" అన్నాను. ఎడమచేత్తో పట్టుకుని అదే చేతి బొటనవేలితో తెరవబోయారు. రాలేదు. మూడుసార్లు ప్రయత్నించారు. ఈలోగా నేను నా ఫోను నుంచి రింగు ఇచ్చాను. అది మోగి మోగి ఆగిపోయింది. "ఇది నాకు పనికిరాదు అమ్మాయ్, తెరిచేలోపల వాడు పెట్టేస్తాడు" అని ఆవిడే దాన్ని బల్ల మీద పెట్టేశారు. నేను వద్దని ఉంటే నొచ్చుకునేవారు. రెండు చేతులూ బాగున్నవారికి ఆ కవరు మంచిదే. తెర మీద గీతలు పడవు, నాలుగు కార్డులు పెట్టుకోవచ్చు. కానీ కింద పడేటప్పుడు రెక్క విచ్చుకుంటే తెరకు ఆ కాపుదల ఉండదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

తర్వాత దుకాణం అబ్బాయి నల్లగా, టైరులా మందంగా ఉన్నది తీశాడు. "ఇది మిలిటరీదమ్మా" అన్నాడు. ఈ మాట చాలా పెట్టెల మీద ఉంటుంది గనుక ఒక్క నిమిషం ఆగి చెప్తాను. అమెరికా సైన్యం తన సామానును పరీక్షించుకోవడానికి రాసుకున్న పద్ధతుల పుస్తకం ఒకటుంది, దాని పేరు మిల్-ఎస్‌టీడీ-810. అందులో పడవేసే పరీక్షలో వస్తువును నాలుగు అడుగుల ఎత్తు నుంచి 26 సార్లు, వేరువేరు వైపులకు పడేలా వేస్తారు. ఆ 26 సార్లూ ఒకే వస్తువును వేయనక్కరలేదు, ఐదింటి వరకు పంచుకోవచ్చు. పడేది కూడా సిమెంటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ చెక్క మీద కావచ్చు. మన ఇళ్ళలో చెక్క నేల ఎక్కడిది? మా పంచలో పరిచినవి నాపరాళ్ళు, వాకిట్లో సిమెంటు రోడ్డు. పైగా ఆ సైన్యం ఏ కంపెనీ పౌచ్‌నూ పరీక్షించి ముద్ర వేసి ఇవ్వదు. కంపెనీవాళ్ళే పరీక్షించుకుని, వాళ్ళే అచ్చు వేసుకుంటారు. అది అబద్ధమని నేను అనడం లేదు. ఆ మాట చూసి ఎక్కువ డబ్బు ఇవ్వనక్కరలేదని మాత్రమే నా అభిప్రాయం.

ఆ మందపాటి దానితో నాకున్న ఇబ్బంది వేరు. పక్కనే కిరాణా కొట్టు ఉంటే వెళ్ళి కాటా మీద తూయించాను. ఫోను ఒక్కటే 204 గ్రాములు ఉంది. ఆ పౌచ్‌తో 283 అయింది. మెత్తటి పౌచ్‌తో అయితే 239. దుకాణం అబ్బాయి నవ్వాడు గానీ, బలంలేని చేతికి ఆ 44 గ్రాముల తేడా తక్కువేమీ కాదు. బరువు ఎక్కువైతే పట్టు త్వరగా సడలుతుంది. పడినా పగలకుండా కాపాడే పౌచ్ వల్లనే ఫోను ఎక్కువసార్లు పడితే ఏం లాభం?

ఇక దేనితో చేశారన్నది చూడాలి. ఎక్కువగా దొరికేవి మూడు రకాలు. టీపీయూ అనే మెత్తని ప్లాస్టిక్‌ది వంగుతుంది, దెబ్బను కొంత తను తీసుకుంటుంది. పారదర్శకంగా ఉన్నదైతే ఎండకూ వేడికీ కొన్ని నెలల్లో పసుపు రంగుకు తిరుగుతుంది, అది మురికి కాదు, ఎంత కడిగినా పోదు. పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌ది గీతలను ఆపుతుంది గానీ లోపల మెత్తని పొర లేకపోతే దెబ్బ నేరుగా ఫోనుకు చేరుతుంది. సిలికాన్‌ది చేతికి బాగా అంటుకుని ఉంటుంది, జారదు. కానీ దూదీ నలుసులూ పట్టుకుంటుంది, సంచిలోంచి సులభంగా బయటికి రాదు.

రకం ఏదైనా నేను చూసింది నాలుగు మూలలు. ఫోను చదునుగా పడటం తక్కువ. ఏదో ఒక మూల ముందు తగులుతుంది. బరువంతా ఆ ఒక్కచోట పడి దెబ్బ గాజులోకి పాకుతుంది. అక్కడ మెత్తగా, లోపల కాస్త గాలి ఖాళీ ఉండేలా చేసిన పౌచ్ అయితే దెబ్బ ఒక్కసారిగా తగలకుండా నెమ్మదిస్తుంది. కోడిగుడ్లను ఊకలో పెట్టి సంతకు పంపినవాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

తర్వాత అంచు. తెర కంటే పౌచ్ అంచు కొంచెం ఎత్తుగా ఉండాలి, బోర్లా పెట్టినప్పుడు గాజు నేలకు ఆనకూడదు. ఇది కంటితో చూస్తే తెలియదు. ఏటీఎం కార్డును నిలువుగా పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా ఆనించి చూడండి. కార్డుకూ గాజుకూ మధ్య వెలుతురు కనబడాలి. టెంపర్ గ్లాసు అంటించిన తర్వాతనే చూడాలి. అది కూడా మూడో వంతు మిల్లీమీటరు మందం ఉంటుంది గనుక ఎత్తులో కొంత తినేస్తుంది. వెనక కెమెరా చుట్టూ ఉన్న అంచునూ ఇలాగే చూడాలి. ఆ గ్లాసు మీద '9హెచ్' అని రాసి ఉంటే వజ్రమంత గట్టిదని కొందరు అనుకుంటారు. అది పెన్సిలు ములుకుతో గీసి చూసే కొలత మాత్రమే. ఇసుక రేణువు దాన్ని గీస్తుంది.

మొదటి దుకాణంలో ఫోను పేరు చెప్తే ఇచ్చిన పౌచ్‌లో కెమెరా రంధ్రం సగం మూసుకుపోయింది. అదే పేరుతో 4జీ ఒకటి, 5జీ ఒకటి ఉంటాయి, రెండింటి కొలతలూ ఒకటి కావు. సెట్టింగులలో 'అబౌట్ ఫోన్' అన్నచోట ఉండే మోడలు నంబరు కాగితం మీద రాసుకుని వెళ్తే ఈ తిప్పలు ఉండవు.

అయస్కాంతం సంగతి కూడా చెప్పాలి. ఫ్లిప్ కవర్లలో, వెనక అతుక్కునే కొన్ని పౌచ్‌లలో అయస్కాంతాలు ఉంటాయి. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్న పెద్దలు మన సంఘాలలో ఉన్నారు. వారు అలాంటి ఫోనునూ కవరునూ చొక్కా జేబులో పెట్టుకోకూడదు. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ చూసే ఎఫ్‌డీఏ సంస్థ 2021లోనే చెప్పింది, పరికరానికి కనీసం ఆరంగుళాల దూరం ఉంచమని. మా పక్కింటి పెదనాన్నగారికి ఈ మాట చెప్తే ఆ రోజే ఫోనును లాల్చీ పక్క జేబులోకి మార్చుకున్నారు.

చివరికి మేము తీసుకున్నది నీలం రంగు టీపీయూ. నునుపు లేకుండా గరుకుగా ఉంటుంది, మూలలు ఉబ్బెత్తుగా ఉంటాయి, కింద తాడు కట్టడానికి రెండు చిన్న రంధ్రాలున్నాయి. 280 రూపాయలు. నాకు ఆ రంధ్రాలే ముఖ్యం. మెడలో వేసుకునే తాడు చూపిస్తే అత్తగారు ముఖం చిట్లించి, "గేదెకు పలుపు వేసినట్టు నాకేమిటే ఇది?" అన్నారు. నిజమే, నలుగురిలో అలా వేలాడేసుకోవడం ఆవిడ ఒప్పుకోరు. ఇంటికి వచ్చాక పాత చీర అంచు చించి, మూడు పాయలుగా అల్లించి, ఎడమచేతి మణికట్టుకు సరిపోయేలా ఆవిడే కట్టించుకున్నారు. దాన్ని గాజులతో పాటు గాజనుకుంటానన్నారు. వెనక అంటించే ఉంగరం కూడా కొన్నాం గానీ, వేసవి వేడికి జిగురు కరిగి ఊడిపోయింది. దానికి పెట్టిన డబ్బు దండగ.

వేడి అంటే గుర్తొచ్చింది. ఆపిల్ కంపెనీ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని చెప్తుంది. మన ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. ఛార్జింగు పెట్టినప్పుడు ఫోను వేడెక్కితే పౌచ్ తీసివేయడం మంచిది. దిండు కింద పెట్టకూడదు. పౌచ్‌కూ ఫోనుకూ మధ్య నోట్లూ చీటీలూ దాచుకునే అలవాటు మన ఆడవాళ్ళలో చాలామందికి ఉంది. వేడి బయటికి పోయే దారికి అవి అడ్డం. శనివారం శనివారం పౌచ్ తీసి సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరిన తర్వాత వేస్తాం. లోపల చేరిన ఇసుక ఫోను వీపును గీస్తూనే ఉంటుంది. ఇది మా అబ్బాయి పని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆవిడకు షుగరు బాగా పడిపోయింది. చెమటలు పట్టి, మంచం మీద కూర్చున్నారట. నాకు చేయబోతే ఫోను చేతిలోంచి జారింది. తాడు ఉండబట్టి మణికట్టుకు వేలాడింది. పైకి లాక్కుని బొటనవేలితో నొక్కారు. నాకు మాట సరిగా వినబడలేదు, కానీ ఆ వేళప్పుడు ఫోను వచ్చిందంటే ఏదో ఉందని పక్కింటి అక్కకు చేశాను. ఆమె పరుగున వెళ్ళి పంచదార నీళ్ళు తాగించింది. మంచం కిందికి జారి ఉంటే ఆవిడ వంగి తీసుకోగలిగేవారు కాదు.

ఇప్పటికి నాలుగైదుసార్లు పడింది. ఫోను బాగానే ఉంది, పౌచ్‌కు కుడివైపు కింది మూల చీలింది. చీలిన పౌచ్ ఆ మూలను ఇక కాపాడదు గనుక మార్చాలి. పాత మోడలు అయిపోయింది, పట్నంలో ఇక రావడంలేదన్నారు. మా అబ్బాయి చేత ఆన్‌లైనులో అలాంటివే రెండు తెప్పించాను. ఒకటి వేశాం, ఒకటి బీరువాలో ఉంది. తాడు మాత్రం ఆ పాతదే.