ముందు టైర్లు, వెనక చైన్లు!

ఇంత గమ్మత్తు బండి ఒకటుందని నాకు ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదు? ముందు నుంచి చూస్తే మామూలు పాతకాలపు లారీ. పక్కకొచ్చి చూస్తే నడుము దగ్గర్నుంచి యుద్ధట్యాంకు! హాఫ్‌ట్రాక్ అంటారట. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలను కూల్చే జర్మన్ ఫిరంగుల్ని ఈడ్చుకెళ్లింది ఇదే.

మా ఇబ్రహీంపట్నం రైతుకైతే దీని తెలివి ఇట్టే అర్థమవుతుంది. కోతలప్పుడు పొలం తడిగా ఉంటే టైర్ల హార్వెస్టర్ దిగబడుతుంది, చైన్ మిషన్ తెప్పిస్తాం. కానీ అది ఊరు దాటాలంటే లారీ ఎక్కాల్సిందే. మరి ఏడు టన్నుల పైచిలుకు ఫిరంగి తగిలించుకుని రోడ్డు మీదా ఉరకాలి, బురదలోనూ పోవాలంటే? జర్మన్లు రెండింటినీ ఒకే బండికి బిగించేశారు.

ఆ బండి పేరు ఎస్‌డీ కేఎఫ్‌జెడ్ 7. క్రౌస్ మఫాయ్ కంపెనీ డిజైన్, 140 హార్స్‌పవర్ మేబాక్ ఇంజను. తన బరువే పదకొండున్నర టన్నులు, అయినా మంచి రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు! ఫిరంగి పేల్చే జట్టంతా అందులోనే వరుస సీట్లలో కూర్చునేది.

నాకు మతి పోయింది మాత్రం స్టీరింగు దగ్గర. కొంచెం తిప్పితే ముందు టైర్లే తిరుగుతాయి. ఇంకా తిప్పితే మలుపు వైపున్న చైనుకు దానంతటదే బ్రేకు పడి, బండి అటు మళ్లుతుంది. డ్రైవరు చేతిలో ఉన్నది ఒక్క స్టీరింగే! చైను లింకుల్లో గ్రీజు నింపిన నీడిల్ బేరింగులు, పైన రబ్బరు ప్యాడ్లు. ఒక యుద్ధం బండికి ఇంత నాజూకు పనా?

ఈ జర్మన్ బండి కంటే ముందే రష్యా చక్రవర్తి జార్ గ్యారేజీలో అడోల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచివాడు కార్ల వెనక చక్రాలు తీసేసి, మంచు మీద నడవడానికి రబ్బరు బెల్టులు వేశాడు. 1931లో సిట్రోయెన్ వాళ్ల కెగ్రెస్ బండ్లు శ్రీనగర్ నుంచి గిల్గిత్ దారి కూడా పట్టాయి.

మళ్లీ మన జర్మన్ బండికొస్తే, లోపాలు లేవా అంటే, బోలెడు. చక్రాలు ఒకదాని మీదికొకటి వచ్చేలా అమర్చారు కాబట్టి లోపలిది చెడితే బయటివన్నీ విప్పాలి. రష్యా చలికి ఆ చక్రాల మధ్యలో బురద గడ్డకట్టేది. అయినా అది లాగిన 88 మిల్లీమీటర్ల ఫిరంగి మామూలుది కాదు. 1941 జూన్‌లో ఈజిప్టు హల్ఫాయా కనుమ దగ్గర మన 4వ ఇండియన్ డివిజన్ పోరాడినప్పుడు, ఆకాశం వైపు ఉండాల్సిన ఆ గొట్టాలే కిందికి దిగి బ్రిటిష్ ట్యాంకులను పేల్చేశాయి.

విమానాలను కూల్చడానికి ఇప్పుడు నేల నుంచి గాల్లోకి వేసే క్షిపణులున్నాయి, వాటి కోసం భారత్ డైనమిక్స్ సంస్థ మా ఇబ్రహీంపట్నంలోనే యూనిట్ పెట్టింది. ఆకాశ్ లాంటి క్షిపణుల్ని మోయడానికి పెద్ద టైర్ల లారీలున్నాయి. అన్ని చక్రాలకూ ఇంజను బలం అందే లారీలు వచ్చాక ఈ సగం సగం బండి పని అయిపోయింది. ఎక్కడైనా పాత వీడియో దొరికితే చూడండి. ఫిరంగి సంగతి తర్వాత, ముందు మలుపు దగ్గర ఆ వెనక చైన్లు ఏం చేస్తున్నాయో చూడండి!