రొట్టె ఒకటే, బేరం వేరు

మైదాపిండి, టమాటా గుజ్జు, చీజ్ – పిజ్జాకు ముఖ్యంగా కావలసినవి ఈ మూడే. ఇటలీలోని నేపుల్స్ నగరంలో పేదసాదల ఆహారంగా పెరిగిన ఈ రొట్టెను అమెరికాలో ఊరూరికీ చేర్చిన సంస్థలలో నాలుగు ప్రసిద్ధమైనవి: పిజ్జా హట్, లిటిల్ సీజర్స్, డామినోస్, పాపా జాన్స్. వీటిలో దేని రుచి మిన్న అని మా ఇంటి పిల్లలు తరచు వాదులాడుకొంటారు. నాకు మాత్రం వాటి మధ్య భేదం రుచిలో కన్న బేరంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. రొట్టెతోపాటు ఒక్కొక్కరూ మనకు మరొకదానిని అమ్మజూపారు.

పిజ్జా హట్ అమ్మినది కూర్చునే చోటు. 1958లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో డాన్, ఫ్రాంక్ కార్నీ అనే అన్నదమ్ములు, ఇంకా విద్యార్థులుగా ఉండగానే, తల్లివద్ద 600 డాలర్లు అప్పు తీసుకొని అంగడి తెరిచారు. 1960ల దశకం చివరికి ఎర్రని పైకప్పు ఆ సంస్థకు గుర్తు అయినది. దారిన పోయే కుటుంబం ఆ కప్పును దూరం నుండే ఆనవాలు పట్టి, కారు నిలిపి, లోపల బల్లచుట్టూ తీరికగా కూర్చునేది.

లిటిల్ సీజర్స్ అమ్మినది చవక. 1959లో డెట్రాయిట్ సమీపంలోని గార్డెన్ సిటీలో మైక్, మారియన్ ఇలిచ్ దంపతులు దీనిని ప్రారంభించారు. కూర్చోబెట్టి వడ్డించే ఖర్చు లేకుండా, వచ్చి పట్టుకొనిపోయే వారికి తక్కువ ధరకు ఇవ్వడం వారి పద్ధతి అయినది. ఒకదాని ధరకు రెండు అనే అర్థం వచ్చేటట్లు ‘పిజ్జా! పిజ్జా!’ అన్నది వారి పిలుపు.

పాపా జాన్స్ అమ్మజూపినది సరుకు నాణ్యత. 1984లో ఇండియానా రాష్ట్రంలోని జెఫర్సన్‌విల్‌లో, తండ్రి నడిపే మద్యశాలలో చీపుళ్లు దాచే గదిని ఖాళీచేసి, జాన్ ష్నాటర్ అక్కడ పొయ్యి పెట్టాడు. ‘మేలైన దినుసులు, మేలైన పిజ్జా’ అనే నినాదంపై 1998లో పిజ్జా హట్ దావా వేసినది. జ్యూరీ పిజ్జా హట్ పక్షం వహించినా, 2000లో అప్పీలు కోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ‘మేలైన’ అనేది కొలిచి చూపదగిన సత్యం కాదు, వర్తకుడు తన సరుకును పొగడుకొనే మాట మాత్రమే అని దాని సారాంశం. తన పెరుగు పుల్లనిదని ఎవరు అమ్ముతారు?

ఇక డామినోస్ అమ్మినది కాలం. 1960లో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో టామ్, జేమ్స్ మోనగన్ సోదరులు ఒక చిన్న పిజ్జా అంగడిని కొన్నారు. కొద్ది మాసాలకే జేమ్స్ తన సగం వాటాను ఒక పాత వోక్స్‌వాగన్ కారుకు బదులుగా టామ్‌కు వదలివేశాడు. విద్యార్థుల వసతిగృహాలకు రొట్టె చేర్చడానికి బల్లలూ కుర్చీలూ అక్కరలేదు. వంటగది, అట్టపెట్టె, వాహనం చాలును. దానినుండే అరగంట వాగ్దానం పుట్టినది. 1980ల దశకంలో, 30 నిమిషాలు దాటితే పిజ్జా ఉచితమని ఆ సంస్థ అమెరికా అంతటా చాటినది.

1989లో సెయింట్ లూయిస్ నగరంలో పిజ్జా తీసుకొనిపోతున్న వాహనం ఒక స్త్రీ కారును ఢీకొన్నది. 1993 డిసెంబరులో జ్యూరీ ఆమెకు దాదాపు 7 కోట్ల 90 లక్షల డాలర్ల పరిహారం విధించినది. ఆ నెలలోనే సంస్థ అమెరికాలో అరగంట హామీని విరమించుకొన్నది.

1996లో పిజ్జా హట్ బెంగుళూరులోను, డామినోస్ ఢిల్లీలోను తొలి అంగళ్లు తెరచినవి. తరువాత అరగంట వాగ్దానం మన వీధులకు కూడా వచ్చినది.

ఒక వానాకాలపు సాయంత్రం హైదరాబాదులో మా మనుమలు ఒక అంగడినుండి పిజ్జా తెప్పించారు. “ఇంకా నాలుగు నిమిషాలే, తాతయ్యా! ఆలస్యమైతే డబ్బివ్వక్కరలేదు” అంటూ గడియారం ముందు నిలిచారు. గడువు దాటకముందే తలుపు చప్పుడైనది. కుర్రవాడు నిలువునా తడిసి ఉన్నాడు; పెట్టె మాత్రం పొడిగా ఉన్నది. అతడు మొదట చూచినది మా ముఖాలను కాదు, గోడమీది గడియారాన్ని. “కాసేపు కూర్చో, బాబూ” అంటే, “లేదండీ, ఇంకా రెండు ఆర్డర్లున్నాయి” అని మెట్లు దిగిపోయాడు.

నిమిషాలను వంటగదిలో మిగుల్చుతాము గాని దారిలో కాదని సంస్థలు చెబుతాయి. అందులో నిజం లేకపోలేదు. పొయ్యి, పనివారి అమరిక అంతా ఆ లెక్కతోనే ఉంటుంది. కాని వానకూ గుంతలకూ ఎర్రదీపానికీ ఆ లెక్క తెలియదు. చోటును, చవకను, సరుకును అమ్మినవారు తమ చేతిలో ఉన్నదానిని అమ్మారు. కాలాన్ని అమ్మినవారు మాత్రం రోడ్డున పోయే ఒక కుర్రవాని నిమిషాలను కూడా కలిపి అమ్మారు. వాటి ధర రశీదులో కనిపించదు.

చల్లారిన రొట్టెను మళ్లీ వేడి చేసుకొనవచ్చును.