ఎనభై దాటాక

కారు స్టీరింగ్‌కి వచ్చే జబ్బులకి తెలుగులో క్రియాపదాలు బాగానే ఉన్నాయి. లాగుతోంది, ఆడుతోంది, కొడుతోంది, అదురుతోంది, వణుకుతోంది. షెడ్డుల్లో మాత్రం అన్నిటికీ కలిపి "వాబ్లింగ్" అనేస్తారు. అక్కడితో భాష పని అయిపోయి బిల్లు పని మొదలవుతుంది. కానీ ఇవి పర్యాయపదాలు కావు. లాగడమంటే చేతులు కాస్త వదులు చేస్తే కారు ఓ పక్కకి పోవడం. అది అలైన్‌మెంట్ సంగతి, లేదా ఒక టైర్లో గాలి తక్కువ. ఆడటమంటే స్టీరింగ్ కొంచెం తిప్పినా చక్రాలకి ఆ కబురు అందకపోవడం. టై రాడ్ చివర్లో ఎక్కడో అరుగుదల. కొట్టడం గుంతలో పడ్డప్పుడు చేతికి తగిలేది. అదరడం వీటన్నిటికంటే వింతైనది. నున్నటి రోడ్డు మీద, ఏ గుంతా లేని చోట, ఒక వేగం దగ్గర మొదలై ఇంకో వేగం దగ్గర తగ్గిపోతుంది. నేను రాస్తున్నది దాని గురించి. వణకడం గురించి కూడా, ఎందుకంటే మా ఇంట్లో ఈ రెండూ కలిసిపోయాయి.

మాది మండవల్లి. గుడివాడకీ కైకలూరుకీ మధ్య, కొల్లేరు పక్కన. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. మా నేల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దాని మీద వేసిన తారు రోడ్డు కూడా కొన్నాళ్ళకి నేల చెప్పినట్టే విని అలలు తేలుతుంది. పైగా చేపల లారీలు, ఐసు నీళ్ళు కార్చుకుంటూ. అలాంటి రోడ్డు మీద యాభైలో వెళ్ళే ఏ బండైనా అదురుతూనే ఉంటుంది. ఎవరి అదురు ఎవరిదో తెలీదు. కారుకి తనదంటూ ఒక జబ్బుందని బయటపడాలంటే గుడివాడ దాటి, హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే ఎక్కాలి.

నాన్న రిటైరైన హైస్కూలు మాస్టారు. అరవై ఏడేళ్ళు. చేపల చెరువు ఎప్పుడో లీజుకిచ్చేశారు గానీ సాయంత్రం గట్టు మీదికి కారేసుకుని వెళ్ళి ఓసారి చూసి రాకపోతే ఆయనకి తోచదు. పోయినేడాది వానలయ్యాక అమ్మ ఫోన్ చేసి, నాన్నగారు విజయవాడ వెళ్ళాలంటే బస్సంటున్నారు, కారు తియ్యట్లేదు అంది. అడిగితే ఆయన చెప్పింది ఒకటే ముక్క: "చేతులు వణుకుతున్నాయిరా."

తాతయ్యకి చివరి రోజుల్లో చేతులు వణికేవి. గ్లాసు సగమే నింపి ఇచ్చేవాళ్ళం.

తర్వాత కూపీ లాగితే తెలిసిన కథ ఇదీ. ఎనభై దాటితే స్టీరింగ్ అదురుతోందని నాన్న ముందు ఓ పెద్ద వర్క్‌షాప్‌కే తీసుకెళ్ళారు. పేరనవసరం. వాళ్ళు అలైన్‌మెంట్ చేశారు. తగ్గలేదు. మళ్ళీ అలైన్‌మెంట్ చేశారు, ఈసారి కంప్యూటర్ కాగితం చేతిలో పెట్టి, అంతా పచ్చరంగులో ఉంది చూడండి అన్నారు. ఇంకా అదురుతుంటే లోయర్ ఆర్ములు మార్చాలని ఎస్టిమేట్ ఇచ్చారు. నాన్న లెక్కల మాస్టారు కదా, తన పద్ధతిలో తను తేల్చుకున్నారు: రెండుసార్లు బాగుచేసిన కారు బాగానే ఉండి ఉంటుంది. కాబట్టి మిగిలింది తను. స్టీరింగ్ అదురుతోంది అన్న వాక్యంలో కర్త మారిపోయి, చేతులు వణుకుతున్నాయి అయింది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు, కారు తాళాలు మేకుకి తగిలించేశారు.

దసరాకి వెళ్ళినప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని హనుమాన్ జంక్షన్ దాకా నేనే నడిపాను. డెబ్బై ఐదు దాకా ఏమీ లేదు. ఎనభై రెండు దగ్గర మొదలైంది. తొంభైకి వాచీ పట్టీ మోగుతోంది.

"నావీ వణుకుతున్నాయి నాన్నా," అన్నాను.

ఆయన నా చేతుల వంకే చూస్తూ కూర్చున్నారు. ఏమీ అనలేదు. కాసేపటికి, "తొంభై ఐదుకి పోనీ," అన్నారు. తొంభై ఐదుకి పోనిచ్చాను.

ఇక్కడ కాస్త లెక్క. మా కారు టైరు చుట్టుకొలత 1.95 మీటర్లు. గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకి దాదాపు 13 సార్లు తిరుగుతుంది. ఫోన్‌లో ఉండే యాక్సిలరోమీటర్‌తో అదురు ఎంత వేగంగా ఉందో కొలిచే ఆప్‌లున్నాయి. నాన్న చేత ఫోన్ డాష్‌బోర్డు మీద నొక్కి పట్టించి చూస్తే శిఖరం సరిగ్గా 13 దగ్గర నిలబడింది. ఇంజన్ ఆ వేగంలో అంతకి మూడింతలు తిరుగుతుంటుంది. ఒక్క సంఖ్యతో ఇంజన్ నిర్దోషి అయిపోయింది. దోషి చక్రంతో పాటు తిరిగేదేదో.

చిన్న తేడా ఇంత గొడవ ఎలా చేస్తుందంటే, రిమ్ము అంచున ఒక పక్క 30 గ్రాములు ఎక్కువుందనుకోండి. 14 అంగుళాల రిమ్ము మీద, 100 వేగంలో, ఆ 30 గ్రాములు చక్రాన్ని బయటికి లాగే బలం నాలుగు కిలోల పైచిలుకు. యాభైలో అది కిలో చిల్లరే. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. మరి నూట ఇరవైలో ఇంకా ఎక్కువ అదరాలి కదా? తరచుగా తగ్గుతుంది. దానికి కారణం ఉయ్యాల ఊపిన ఎవరికైనా తెలుసు. బలంగా తోస్తే కాదు, సమయానికి తోస్తే ఉయ్యాల లేస్తుంది. చక్రం, దాన్ని పట్టుకున్న సస్పెన్షన్, స్టీరింగ్ అన్నీ కలిపి సెకనుకి పది, పదిహేను మధ్యలో ఎక్కడో తమ సొంత ఊపు ఉన్న ఉయ్యాల. ఎనభై నుంచి వంద లోపల మన చక్రం దాన్ని వేళకి తోస్తుంది.

మర్నాడు గుడివాడ రోడ్డులో ఓ చిన్న షెడ్డుకి వెళ్ళాం. మెకానిక్ నలభై ఏళ్ళ మనిషి. బానెట్ ఎత్తలేదు, స్పానర్ పట్టుకోలేదు. ముందు నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు.

"ఏమవుతోందో తర్వాత చెబుదురు గానీ మాస్టారూ, ఎప్పుడవుతోందో చెప్పండి."

"ఎనభై దాటితే."

"బ్రేకేస్తే ఎక్కువవుతోందా?"

"లేదు."

"స్పీడులో క్లచ్ తొక్కి వదిలేస్తే ఆగుతోందా?"

"ఆగదు."

"చేతికా, సీటుకా?"

"చేతికే."

నేను రోజూ చేసే పని కూడా ఇదే గానీ, ఇంత శుభ్రంగా చేసేవాళ్ళని మా ఆఫీసులో పెద్దగా చూడలేదు. బ్రేకేసినప్పుడే అదిరితే డిస్కు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే అదిరితే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. చేతికి తెలిస్తే ముందు చక్రాలు, సీటుకి తెలిస్తే వెనక చక్రాలు. ఒక్కో ప్రశ్నతో సగం కారు కొట్టేసుకుంటూ పోయాడు. లోయర్ ఆర్ముల పేరే రాలేదు. అలైన్‌మెంట్ గురించి అడిగితే నవ్వి, "అది లాగేదానికండీ, అదిరేదానికి కాదు," అన్నాడు. అలైన్‌మెంట్-బ్యాలెన్సింగ్ అని జంటకవుల్లా కలిపి పిలవడం వల్ల జనానికి రెండూ ఒకటే అయిపోయాయి.

చక్రం ఊడదీసి లోపలి వైపు చూపించాడు. రిమ్ము లోపల చెరువు గట్టు మట్టి, ఎండి రాయై కూర్చుంది. నల్లరేగడి ఒకసారి పట్టుకుంటే నీళ్ళు కొట్టినా వదలదు, అదీ ఒక పక్కనే. చేపల చెరువుల ఊళ్ళలో ఈ కేసు మామూలేనట. నాన్న మొహం విప్పారింది. మట్టి గీకించి, బ్యాలెన్సింగ్ చేయించి, వెయిట్లు కొట్టించి మళ్ళీ హైవే ఎక్కాం. సగం తగ్గింది. సగమే.

ఇలాంటి చోట ఆగిపోవడం మనుషులకి సులభం. కారణం దొరికింది, కథ బావుంది, మిగతాది రోడ్డు మీదికి తోసేయొచ్చు. ఈయన ఆగలేదు. ముందు ఎడమ చక్రాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకి మార్చి, పోయి రమ్మన్నాడు. ఈసారి స్టీరింగ్ నిశ్చలం, నడుం కింద సీటు అదురుతోంది. జబ్బు చక్రంతో పాటు వెనక్కి నడిచిపోయింది. దాన్ని జాకీ మీద లేపి, ట్రెడ్‌కి దగ్గరగా స్క్రూడ్రైవర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పాడు. ఒక్క చోట, ప్రతి చుట్టులో అదే చోట, రబ్బరు లేచి స్క్రూడ్రైవర్‌కి తగిలింది.

లోపలి ఉక్కు తీగల బెల్టు విడిపోతోంది. అలాంటి టైరుకి మెషీన్ మీద తూకం సున్నా వచ్చినా వస్తుంది, గుండ్రం మాత్రం రాదు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు 2316. అంటే 2016లో 23వ వారంలో తయారైంది. నాన్న తక్కువ తిరుగుతారు కాబట్టి గాడి ఇంకా నిండుగా ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రబ్బరు అరక్కపోయినా ముసలిదవుతుంది. "ఇంకో ఎండాకాలం హైవే ఎక్కి ఉంటే పేలేదండీ," అన్నాడతను, స్టెప్నీ బిగిస్తూ. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని నాన్న ఆ టైరు మీదే విజయవాడ నాలుగైదుసార్లు వెళ్ళొచ్చారు.

కారు గురించి రాసే సాహిత్యప్రియులు ఇక్కడ పిర్సిగ్ పేరు ఎత్తడం ఆనవాయితీ. 1974 నాటి ఆ మోటార్ సైకిల్ పుస్తకంలోనూ తండ్రీకొడుకులే ప్రయాణం చేస్తారు. నాకు మాత్రం ఆ షెడ్డులో గుర్తొచ్చింది జేమ్స్ పార్కిన్సన్. 1817లో ఆయన వణుకు జబ్బు గురించి రాసిన దానికి వ్యాసం అనే పేరు పెట్టుకున్నాడు. అందులో ఉన్నది ఆరుగురు రోగులు. కొందరిని వీధిలో వెళ్తుంటే చూసి రాశాడు. ఎప్పుడు వణుకుతోంది, ఎప్పుడు ఆగుతోంది అని శ్రద్ధగా చూడటమే ఆయన దగ్గరున్న పరికరం.

టైరు మార్చాక స్టీరింగ్ తొంభైలో చెరువు నీళ్ళలా నిలిచింది. కానీ రెండు లోపాలున్నప్పుడు ఒకటి దొరికినంత మాత్రాన రెండోది లేనట్టు కాదని ఆ షెడ్డులోనే చూశాం. నాన్న కాఫీ గ్లాసు ఎత్తేటప్పుడు కుడిచేయి కొంచెం కదులుతున్న మాట నిజం. విజయవాడలో న్యూరాలజిస్టుకి చూపించాం. ఆవిడ కూడా ఎమ్మారై కంటే ముందు ప్రశ్నే వేశారు: "ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడాండీ, ఏదైనా ఎత్తేటప్పుడా?" కాగితం మీద చుట్టలు చుట్టలుగా ఒక శంఖు గీయమన్నారు. ఓ గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోయించారు. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు, సెకనుకి నాలుగు నుంచి ఆరుసార్లు. పని చేసేటప్పుడు వచ్చేది చాలావరకు వేరే, ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు, వంశంలో వస్తుంటుంది. నాన్నది రెండోదిలా ఉందన్నారు. తాతయ్యదీ అదే అయ్యుండొచ్చు, ఇప్పుడు ఎవర్ని అడుగుతాం. ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు, కారు మానక్కర్లేదన్నారు.

వచ్చే నెల ఆ ఆరు నెలలు పూర్తవుతాయి. నిన్న ఫోన్‌లో నాన్న ప్రయాణం గురించి మాట్లాడుతూ, "గుడివాడ దాకా నువ్వు నడుపు, ఆ గుంతల్లో నా వల్ల కాదు. హైవే మీద నేను తీసుకుంటా," అన్నారు.