మళ్లీ బరిలోకి దిగితే

ఓటమి మీద జరిగినంత చర్చ గెలుపు మీద జరగదు. గెలిచిన రోజున నాలుగు మంచి మాటలు అనుకుని, మిఠాయి పంచుకుని ఎవరి పనిలో వాళ్లు పడతారు. ఓడిన రోజున మాత్రం టీ కొట్టు బల్ల మీంచి ఒక్కరూ లేవరు. బాక్సింగ్ అభిమానుల్లో ఈ గుణం మరీ ఎక్కువ. క్రికెట్లో ఓడితే తప్పును పదకొండు మంది మీద తలా కాస్త పంచేయవచ్చు. బరిలో ఒక్క మనిషే నిలబడి దెబ్బలు తిన్నప్పుడు అభిమానికి ఆ వీలు లేదు. ఆ ఒక్కరినీ తప్పుపట్టడానికి మనసొప్పదు. అందుకని ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రా మీదా, జడ్జీల మీదా, రిఫరీ మీదా పడతాడు. ఎక్కడెక్కడ తిరిగినా చివరికి ఒక్క మాట దగ్గరికే వస్తాడు: "మళ్లీ ఆడించండి, అప్పుడు తేలుతుంది."

ఆ మాటను నేను తీసిపారేయలేను. నేనూ అన్నాను, ఇప్పటికీ అంటున్నాను. మనం ఇష్టపడేవాళ్లు ఓడి తలదించుకుని వెళుతుంటే, కథ అక్కడితో అయిపోకూడదని కోరుకోవడం మంచి మనసు లక్షణమే. అయితే ఆ కోరిక వెంట ఒక పని కూడా ఉంటుంది. ఓడిన ఆటను దాపరికం లేకుండా మళ్లీ చూడటం ఆ పని. బరిలోకి దిగేవాళ్లకు అది ఎంత అవసరమో, ఒడ్డున కూర్చుని చప్పట్లు కొట్టే మనకూ అంతే అవసరం.

2024 ఆగస్టు 1, మధ్యాహ్నం. మా ఊరు రావికమతంలో బి.ఎన్. రోడ్డు పక్క టీ కొట్టులో ఒక ఫోన్ని బిస్కట్ల సీసాకి ఆనించి పెట్టారు. పొలం నుంచి వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు, బస్సు కోసం ఆగినవాళ్లు వెనకాల మూగారు. పారిస్ ఒలింపిక్స్, మహిళల 50 కిలోల విభాగం, ప్రీక్వార్టర్స్. ఒకవైపు నిఖత్ జరీన్, మరోవైపు చైనా బాక్సర్ వు యు. నిఖత్ పుట్టింది నిజామాబాద్‌లో. అయినా మా వైపు వాళ్లు ఆమెను పరాయి జిల్లా మనిషిగా చూడరు. 2009లో విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో చేరి, కోచ్ ఐ.వి. రావు దగ్గర ఆట దిద్దుకున్న పిల్ల. మా ఊళ్లో బస్సెక్కి చోడవరం మీదుగా పోతే చేరే ఊళ్లో చెమటోడ్చిన పిల్ల. అంచేత ఆమె మావాళ్లకు 'మన గుంట'.

ఒక్కోటి మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. అంతా అయ్యాక రిఫరీ వు యు చెయ్యి పైకెత్తారు. 5-0. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇక ఆగలేదు.

"డ్రా తిన్నగా లేదురా బావా. రెండో ఆటకే టాప్ సీడుని ఎదరెట్టేరు."

"ఎప్పుడో ఒకప్పుడు ఎదరవ్వాల్సిందే గదా మావా?"

"ఐదుగురు జడ్జీలూ అటే ఎలగేస్తార్రా? ఒక్కడికీ కళ్లు లేవా?"

"అది కాదు. బరువు దింపీసుకుని ఆడింది. ఒంట్లో సత్తువ ఏటుంటది?"

"మళ్లీ ఆడించమను. అప్పుడు సూడు మన గుంట పని!"

ఈ నాలుగు మాటల్నీ ఒక్కొక్కటే తీసి చూడాలని నాకు అనిపిస్తుంది. డ్రా సంగతిలో న్యాయం ఉంది. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరసగా రెండుసార్లు ప్రపంచ చాంపియన్. అలాంటి బాక్సర్‌కి పారిస్‌లో సీడింగ్ లేదు. మొదటి ఆటలో జర్మనీ అమ్మాయి మాక్సి క్లోట్జర్‌ని 5-0తో ఓడించగానే ఎదురుగా టాప్ సీడ్ నిలబడింది. ఫైనల్లో చూడాల్సిన జోడీని ప్రీక్వార్టర్స్‌లోనే చూశాం. ఆ బాధ నిజమైనదే. అయినా 'ఎప్పుడో ఒకప్పుడు ఎదరవ్వాల్సిందే గదా' అన్న ప్రశ్నకు జవాబు లేదు. బంగారు పతకం కావాలంటే వు యుని ఎక్కడో ఒకచోట దాటాల్సిందే. పారిస్‌లో ఆమెను దాటినవాళ్లు ఒక్కరూ లేరు. ఫైనల్లో టర్కీ బాక్సర్ బుసే నాజ్ చాకిరోలునీ ఓడించి ఆమె బంగారం పట్టుకెళ్లింది.

జడ్జీల మాటకొస్తే, 5-0 అనే అంకె అభిమానుల్ని తప్పుదారి పట్టిస్తుంది. అది గోల్స్ లెక్క లాంటిది కాదు. ఐదుగురు జడ్జీలు ఎవరికి వాళ్లు విడిగా మార్కులు వేస్తారు. రౌండు గెలిచినవాళ్లకు పది, ఓడినవాళ్లకు మామూలుగా తొమ్మిది. మూడు రౌండ్లూ కలిపితే ఒక జడ్జీ లెక్క 29-28 రావచ్చు, అంటే ఒక్క మార్కు తేడా. ఐదుగురూ ఆ ఒక్క మార్కు ఒకవైపే వేసినా ఫలితం 5-0 అనే పడుతుంది. కాబట్టి ఆ అంకె చూసి చిత్తుగా ఓడిందని కుమిలిపోనక్కర్లేదు. ఐదు వైపుల నుంచి చూసిన ఐదుగురూ ఒక్కటే చెప్పారన్న సంగతిని దాటేయడమూ కుదరదు.

బరువు గురించి టీ కొట్టులో అన్నది మనసుకు తగిలే మాట. నిఖత్ ఇస్తాంబుల్‌లో గెలిచింది 52 కిలోల విభాగంలో. ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు. రెండు కిలోలంటే మనకు పెద్ద లెక్క కాదు. ఒంట్లో కొవ్వు అన్నదే మిగలని బాక్సర్‌కి ఆ రెండు కిలోలూ తిండిలోంచి, నీళ్లలోంచి, నిద్రలోంచి పోవాలి. అయితే ఆమె 50 కిలోల్లోనే ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది, వియత్నాం బాక్సర్ ఎన్గుయెన్ థి తామ్‌ని ఫైనల్లో ఓడించి. అదే ఢిల్లీ పోటీల్లో 52 కిలోల చాంపియన్ ఎవరో తెలుసా? వు యు. అంటే ఆ అమ్మాయీ అదే మెట్టు దిగి వచ్చింది. మన పిల్ల కడుపు కాల్చుకున్నదని మనం బాధపడుతున్నప్పుడు, ఎదుటి పిల్ల కూడా అదే ఆకలి మీద బరిలో నిలబడిందని గుర్తుంచుకోవాలి. మనవాళ్ల మీద ప్రేమ ఉండటానికి ఎదుటివాళ్లను చిన్నచెయ్యాల్సిన పని లేదు.

ఇక మిగిలింది నాలుగో మాట, మళ్లీ ఆడించమనడం. ఈ కోరిక హెవీవెయిట్ టైటిల్ పోటీల్లో పుట్టి పెరిగినంతగా మరెక్కడా పెరగలేదు. మా కుర్రాళ్లకు ఆ చరిత్ర కంఠతా వచ్చు. రియాద్‌లో ఉసిక్, ఫ్యూరీ తలపడితే తెల్లవారుజామున లేచి ఫోన్లలో చూస్తారు. మైక్ టైసన్ గురించి మాట్లాడమంటే పొద్దు తెలీదు.

ఆ టైసనే ఈ వాదానికి మొదటి పాఠం. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ అతన్ని పడగొట్టాడు. అప్పటిదాకా టైసన్ ఓడిందే లేదు. పదో రౌండులో కిందపడిన టైసన్, నోట్లోంచి జారిపోయిన మౌత్‌పీస్ కోసం చేత్తో నేలంతా తడుముకున్నాడు. అది దొరికితే కొసను పళ్ల మధ్య ఇరికించుకుని, తూలుతూ లేవబోయాడు. మిగతాదంతా నోటి బయటే వేలాడుతోంది. రిఫరీ అతన్ని చేతుల్లోకి తీసుకుని ఆట ఆపేశాడు. భూమ్మీద అందరికన్నా బలవంతుడని పేరున్న మనిషి, ఆ క్షణంలో కూడా లేచి నిలబడాలన్న ఒక్క ఆలోచనతోనే ఉన్నాడు. ఆ దృశ్యం చూస్తే నాకు అతని గెలుపులన్నింటికన్నా ఎక్కువ గౌరవం కలుగుతుంది. వాదన మాత్రం వేరే దారి పట్టింది. ఎనిమిదో రౌండులో డగ్లస్ పడ్డప్పుడు రిఫరీ లెక్క ఆలస్యంగా మొదలుపెట్టాడని టైసన్ పక్షం గోల చేసింది. ఫలితాన్ని కొన్నాళ్లు నిలిపి ఉంచాలని కూడా చూశారు. అది నిలవలేదు. అక్టోబరులో డగ్లస్ హోలీఫీల్డ్ చేతిలో ఓడిపోవడంతో టైసన్-డగ్లస్ రెండో పోటీ జరగనే లేదు. ఆ లెక్క గొడవ మాత్రం ఇన్నేళ్లయినా తెగలేదు.

రెండోది ఆంథొనీ జాషువా కథ. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో, చివరి నిమిషంలో మరొకరి బదులు వచ్చిన ఆండీ రూయిజ్ అతన్ని నాలుగుసార్లు పడగొట్టి ఏడో రౌండులో ముగించాడు. జాషువాకు ఒప్పందంలో రీమ్యాచ్ హక్కు ఉంది. హక్కు కాగితం మీద ఉంటుంది, ఆట కాళ్లలో ఉండాలి. ఆరు నెలల తర్వాత, డిసెంబరు 7న సౌదీలోని దిరియాలో జాషువా నాలుగున్నర కిలోలు తగ్గి వచ్చాడు. రూయిజ్ దాదాపు ఏడు కిలోలు పెరిగి వచ్చాడు. మొదటిసారి జాషువా ఎదురెళ్లి గుద్దులాటకు దిగి దెబ్బతిన్నాడు. రెండోసారి దూరం పాటిస్తూ, ఎడమ చేత్తో జాబ్ విసిరి పక్కకు జరుగుతూ పన్నెండు రౌండ్లూ నడిపించాడు. చూసేవాళ్లకు చప్పగానే అనిపించింది. ముగ్గురు జడ్జీలూ అతనికే ఇచ్చారు. తనను పడగొట్టింది ఏమిటో అతను అర్థం చేసుకున్నాడు. మొదటిసారి గెలిచిన రూయిజ్ మాత్రం గెలుపు దగ్గరే ఆగిపోయాడు.

మూడోది టైసన్ ఫ్యూరీది. 2024 మే 18న ఒలెక్సాండర్ ఉసిక్ చేతిలో ఓడాడు. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఫ్యూరీకి 114-113 ఇచ్చారు గనక, రెండోసారి ఆడితే తనదేనని అభిమానులు నమ్మారు. డిసెంబరు 21న మళ్లీ ఆడితే ముగ్గురూ ఒకే అంకె వేశారు: ఉసిక్ 116, ఫ్యూరీ 112. ఆ తర్వాత కూడా గెలుపు తనదేనని ఫ్యూరీ అన్నాడు. అలా అనుకున్నంతకాలం మూడోసారి ఆడినా ఏం మారుతుంది?

ఈ మూడు కథలూ డబ్బున్న లోకంలోవి. అక్కడ వకీళ్లుంటారు, ఒప్పందాలుంటాయి, ఓడినవాడికి తరచు మరో తేదీ దొరుకుతుంది. ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఓడితే సంచి సర్దుకోవడమే. నాలుగేళ్లు ఆగాలి. ఆగినా అదే మనిషి ఎదురవుతుందన్న పూచీ లేదు. నిఖత్ బతుకంతా ఈ పద్ధతిలోనే నడిచింది, అందుకే ఆమె కథ హెవీవెయిట్ల కథలకన్నా నాకు ముఖ్యం.

2019లో టోక్యో అర్హత పోటీలకు మేరీ కోమ్‌ని ట్రయల్స్ లేకుండానే పంపే ఆలోచన బాక్సింగ్ సమాఖ్యలో వచ్చినప్పుడు, ఇరవై మూడేళ్ల నిఖత్ అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకి లేఖ రాసింది. తనను పంపమని ఆమె అడగలేదు, తలపడే అవకాశం ఇమ్మని అడిగింది. ఆ వయసులో, ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ముందు నిలబడి ఆ మాట అనడానికి గుండె కావాలి. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. ఆట అయ్యాక చెయ్యి కలపలేదు. అభిమానులు రెండు వర్గాలై రోజుల తరబడి వాదించుకున్నారు. నిఖత్‌ని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు.

ఆ ఇద్దరి మధ్య మళ్లీ అలాంటి పోటీ జరగలేదు. నిఖత్ అడుగుతూ కూర్చోలేదు కూడా. రెండున్నరేళ్లు సాధన చేసి, 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుతామస్‌ని 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. 9-1 అనే ఆ లెక్కకు జవాబు మేరీ కోమ్ మీద రాలేదు, వేరే దేశంలో, వేరే అమ్మాయి మీద వచ్చింది. అయినా అది జవాబే. మన కుర్రాళ్లు రీమ్యాచ్ అన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఈ సంగతే. ఓడించిన మనిషే మళ్లీ ఎదురుగా రావాలని పట్టుబడితే చాలామంది బాక్సర్లకు ఆ రోజు ఎన్నటికీ రాదు. ఓటమిలో బయటపడ్డ లోపాన్ని దిద్దుకుంటే, ఎవరు ఎదురొచ్చినా అది రెండో ఆటే అవుతుంది.

పారిస్ తర్వాత దారి సాఫీగా లేదు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో 51 కిలోల క్వార్టర్‌ఫైనల్లో నిఖత్ మళ్లీ ఓడింది. ఓడించింది చాకిరోలు, పారిస్ ఫైనల్లో వు యుతో ఆడిన అమ్మాయే. మళ్లీ 5-0. మా టీ కొట్టులో ఈసారి గొంతులు అంత లేవలేదు. "వయసైపోనాది" అన్నవాళ్లున్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపీ బాక్సర్ గువో యి-షువాన్‌ని 5-0తో ఓడించి ఆమె బంగారం గెలిచింది. దాంతో పారిస్ లెక్క సరిపోయిందని నేను అనను. అగ్రశ్రేణిలో ఉన్న వు యునీ, చాకిరోలునీ ప్రపంచ, ఒలింపిక్ పోటీల్లో ఆమె ఇంకా దాటాల్సి ఉంది. ఆమె ఇంకా బరిలో ఉంది, దిద్దుకుంటోంది. అభిమానికి అంతకన్నా ఏం కావాలి?

2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మహిళల అతి తేలిక విభాగం 51 కిలోలు. పారిస్ కన్నా ఒక కిలో ఎక్కువ, ఆమె ఒంటికి కాస్త దగ్గర. అక్కడ వు యు ఎదురుపడాలని నేనూ మనసారా కోరుకుంటున్నాను. ఈలోగా మా కుర్రాళ్లను ఒక్కటి అడుగుతాను. పారిస్ ఆటను మొదటి గంట నుంచి చివరి గంట దాకా, ఎక్కడా ముందుకు తోయకుండా మళ్లీ చూడండి. వు యు ఎక్కడ ముందుందో, ఎందుకు ముందుందో వేలుపెట్టి చూపించగలగాలి. అది చూపించిన తర్వాత కూడా "మన గుంట గెలుస్తాది" అంటే, ఆ మాటకు బలం ఉంటుంది. అలాంటి అభిమానుల మధ్య పెరిగిన ఆడపిల్ల రేపు రావికమతం నుంచి విశాఖ బస్సెక్కి గ్లవ్స్ తొడిగితే, ఓడిన రోజున ఆమెకు సాకులు అందించేవాళ్లు కాకుండా నిజం చెప్పి వెంట నిలబడేవాళ్లు ఉంటారు.